ఫ్లోటు పోయి పొర వచ్చింది: రంపం కార్బురేటర్ చరిత్ర

పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు ఇంజనులో మండదు. అది ఆవిరై గాలిలో కలవాలి, అదీ ఒక లెక్క ప్రకారం కలవాలి. తూకంలో చూస్తే ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు తగ్గితే ఇంజను కాలిపోయేంత వేడెక్కుతుంది, ఎక్కువైతే పొగ కక్కుతూ ప్లగ్గు నల్లబడుతుంది. ఈ లెక్కను క్షణక్షణం సరిచూసే పరికరం కార్బురేటర్. చెట్లు కోసే మోటారు రంపం మీద అది గుప్పిట్లో ఇమిడిపోయేంత లోహపు దిమ్మ మాత్రమే. కానీ దాని లోపలి ప్రతి భాగమూ ఏదో ఒక కాలంలో ఎదురైన చిక్కుకు జవాబుగా పుట్టింది. ఏ భాగం ఎందుకు వచ్చిందో తెలిసిన మెకానిక్కు అది ఎలా చెడుతుందో కూడా తెలుస్తుంది.

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రాల బండిలో ఇప్పటి రూపపు కార్బురేటర్ లేదు. ఒక పాత్రలో ఇంధనం పోసి దాని మీదుగా గాలిని పోనిచ్చేవారు. తడిబట్ట మీదుగా వీచిన గాలి తేమను తీసుకుపోయినట్టు, ఆ గాలి ఇంధనపు ఆవిరిని ఇంజనులోకి మోసుకుపోయేది. చలిలో ఆవిరి చాలేది కాదు, ఎండలో ఎక్కువయ్యేది. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని అదే రకం బండిలో మన్‌హైమ్ నుంచి ప్ఫోర్జ్‌హైమ్‌కు వెళ్లింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ ఊరి మందుల దుకాణంలో కొన్నది. ఇంధనపు గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి పూడిక తొలగించింది. పెట్రోలు దారి మూసుకుపోవడం, దాన్ని సన్నటి మొనతో తెరవడం అనే మరమ్మతు మోటారు బండి పుట్టిన రెండేళ్లకే మొదలైందన్నమాట. ఇప్పటికీ షెడ్లలో, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్‌లోకి తీగ దూర్చే అలవాటు ఉంది. గొట్టం విషయంలో బెర్తా చేసిన పని సరైనదే. జెట్ విషయంలో మాత్రం అది హాని చేస్తుంది. జెట్ రంధ్రం మిల్లీమీటరులో చిన్న భాగం, తీగ రాపిడికి అది పెద్దదైతే ఆ జెట్ పాత లెక్కకు మళ్లీ రాదు.

1893లో పరికరం రూపు మారింది. హంగరీలో దోనాత్ బాంకీ, యానోష్ చోంకా, జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ ఇంచుమించు ఒకే కాలంలో, ఎవరికి వారుగా, ఇంధనాన్ని తుంపరగా చిమ్మే కార్బురేటర్లను తయారుచేశారు. బుడాపెస్ట్ వీధిలో పూలమ్మే అమ్మాయి నోట్లో నీళ్లు పోసుకొని పూల మీద చిమ్ముతుంటే చూసి హంగరీ ఇంజనీర్లకు ఈ ఆలోచన తట్టిందని అక్కడ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, సూత్రం మాత్రం అదే. ఇస్త్రీ చేసేవారు బట్టల మీద నోటితో నీళ్లు చిమ్మడం చూసినవారికి దాన్ని వేరే వివరించనక్కరలేదు. తుంపరయితే ద్రవం విస్తీర్ణం ఎన్నో రెట్లు పెరిగి వెంటనే ఆవిరవుతుంది.

తుంపరకు కావలసిన లాగుడు గాలి నుంచే వస్తుంది. గాలి పోయే గొట్టాన్ని మధ్యలో సన్నం చేస్తే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. 18వ శతాబ్దపు చివర ఈ సంగతిని పరిశీలించిన ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ బతిస్తా వెంతూరి పేరే ఆ సన్నటి మెడకు స్థిరపడింది. మెడలో పీడనం తగ్గగానే పక్కనున్న జెట్ నుంచి పెట్రోలు పైకి లేచి గాలిలోకి చిమ్ముతుంది. అయితే జెట్ దగ్గర పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. దానికోసం పక్కనే చిన్న గిన్నె, అందులో తేలే ఫ్లోటు పెట్టారు. ఇంటి మీది ట్యాంకు నిండగానే కొళాయిని మూసే బంతి చేసే పనే ఇక్కడ ఫ్లోటు చేస్తుంది. పెట్రోలు పెరిగితే ఫ్లోటు పైకి లేచి సూదిని రంధ్రంలో బిగిస్తుంది, తగ్గితే వదులుతుంది.

ఈ ఏర్పాటు తరువాతి వందేళ్లలో కార్లనూ మోటారు సైకిళ్లనూ నడిపింది. బ్రిటన్‌లో 1927లో మూడు కార్బురేటర్ కంపెనీలు కలిసి ఏర్పడిన అమల్ సంస్థ సరుకు 1955 తర్వాత మద్రాసులో తయారైన బుల్లెట్ మోటారు సైకిల్ ద్వారా దక్షిణాది షెడ్లన్నిటికీ పరిచయమైంది. తెలుగు మెకానిక్కుల ట్యూనింగ్ భాష అంతా, స్లో జెట్, మెయిన్ జెట్, నీడిల్, ఓవర్‌ఫ్లో అనే మాటలన్నీ, ఫ్లోటు కార్బురేటర్ల మీదే పెరిగాయి. బండి ఎప్పుడూ చక్రాల మీదే నిలబడుతుంది కాబట్టి ఫ్లోటుకు ఇబ్బంది రాలేదు. ఇబ్బంది అడవిలో వచ్చింది.

జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1926లో తయారుచేసిన మొదటి రంపం కరెంటుతో నడిచేది, బరువు 64 కిలోలు. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని తురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించాడు, ఆ కొండ పేరే కంపెనీ పేరయింది. 1929లో ష్టీల్ కూడా పెట్రోలు రంపం తెచ్చాడు: 6 హార్స్‌పవర్, 46 కిలోలు. ఇవన్నీ ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకొని మోయవలసినవి. బరువు ఒక్కటే అయితే లోహం మార్చి తగ్గించుకోవచ్చు. అసలు అడ్డంకి ఫ్లోటు. చెట్టు పడగొట్టేటప్పుడు రంపం అడ్డంగా ఉండాలి, పడిన మానును ముక్కలు చేసేటప్పుడు నిలువుగా ఉండాలి. ఇంజను పక్కకు వాలితే ఫ్లోటు గిన్నెలో పెట్రోలు ఒక మూలకు చేరి, జెట్ ఎండిపోతుంది లేదా పెట్రోలు పొర్లిపోతుంది. అందుకని ఇంజనును నిటారుగా ఉంచి కోసే బార్‌ను మాత్రం తిప్పుకునే ఏర్పాట్లు చేశారు. ప్రతి కోతకూ ఆగి, వదులు చేసి, తిప్పి, బిగించాలి. కొమ్మల మధ్య నిలబడి చేసే పనికి అది కుదిరే పద్ధతి కాదు.

ఇదే చిక్కు ఆకాశంలో ప్రాణాల మీదికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజనుకు ఫ్లోటు కార్బురేటరే ఉండేది. పైలట్ ముక్కు దించి విమానాన్ని ఉన్నట్టుండి కిందికి దూకిస్తే పెట్రోలు గిన్నె పైకప్పుకు ఎగిరి ఇంజను దగ్గేది, ఆ వెంటనే పెట్రోలు ముంచెత్తి ఆగేది. ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే జర్మన్ విమానాలకు ఈ బాధ లేదు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు 1941లో దీనికి ఒక చిన్న ఇత్తడి బిళ్లతో ఉపశమనం కనిపెట్టింది. ఇంజను గరిష్ఠంగా తాగగలిగినంత పెట్రోలే పోయేలా మధ్యలో రంధ్రం ఉన్న బిళ్ల అది. ఆమె ఒక చిన్న బృందంతో వైమానిక స్థావరాలు తిరిగి వాటిని బిగించింది. ముంచెత్తడం తగ్గింది గాని ఫ్లోటు ఉన్నంతకాలం జబ్బు పూర్తిగా నయం కాలేదు. తరువాత వచ్చిన కార్బురేటర్లు ఫ్లోటును వదిలేసి పీడనాన్ని కొలిచే పొరలను నమ్ముకున్నాయి.

రంపం కూడా ఆ దారే పట్టింది. 1940ల చివర, 1950ల్లో ఒంటి మనిషి రంపాలు వచ్చాయి. 1950లో వచ్చిన ష్టీల్ బీఎల్ బరువు 16 కిలోలు. ఆ దశాబ్దంలోనే డయాఫ్రమ్ కార్బురేటర్, అంటే పొరతో పనిచేసేది, అడవి పనికి స్థిరపడింది. అమెరికాలోని టొలీడో నగరపు టిలట్‌సన్ కంపెనీ తెచ్చిన హెచ్ఎల్ రకం వాటిలో పేరు మోసింది. 1959లో వచ్చిన ష్టీల్ కాంట్రాలో గేర్లు లేవు, బరువు 12 కిలోలు, శక్తి 6 హార్స్‌పవర్. దాన్ని పక్కకు వాల్చినా తలకిందులు చేసినా ఇంజను ఆగదు. ఒక్క మనిషి చెట్టెక్కి కొమ్మలు కోయగలిగింది ఈ మార్పు తర్వాతే. రంపం చరిత్ర రాసేవారు గొలుసు పళ్ల గురించీ మోటారు బరువు గురించీ ఎక్కువ రాస్తారు. ఫ్లోటు పోవడం వాటికి ఏమాత్రం తీసిపోని మలుపు.

డయాఫ్రమ్ కార్బురేటర్‌ను విప్పితే రెండు వైపులా రెండు పలుచని పొరలు కనిపిస్తాయి. ఒకటి పంపు పొర. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకి కిందికి కదిలినప్పుడల్లా కింది గదిలో పీడనం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక సన్నటి దారి ఆ నాడిని పంపు పొర వెనక్కి తీసుకువస్తుంది. పొర ఊపిరి తీసినట్టు లోపలికీ బయటికీ కొట్టుకుంటూ ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. రెండోది కొలత పొర. దీనికి ఒకవైపు పెట్రోలు గది, మరోవైపు మూతలోని చిన్న రంధ్రం ద్వారా బయటి గాలి. ఇంజను పెట్రోలు పీల్చుకోగానే గదిలో పీడనం తగ్గుతుంది, బయటి గాలి పొరను లోపలికి నెడుతుంది, పొర చిన్న లివరును నొక్కుతుంది, లివరు సూదిని లేపుతుంది, కొత్త పెట్రోలు లోపలికి వస్తుంది. గది నిండగానే స్ప్రింగు సూదిని మళ్లీ మూస్తుంది. ఫ్లోటు భూమి ఆకర్షణను నమ్ముకుంది, ఈ పొర గాలి పీడనాన్ని నమ్ముకుంది. గాలి పీడనానికి కింద మీద తేడా లేదు. ట్యాంకులో కూడా ఇదే ఆలోచన: మెత్తటి గొట్టం చివర బరువైన ఫిల్టరు కట్టి ఉంటుంది, రంపం ఎటు వాలితే అటు జారి పెట్రోలులోనే మునిగి ఉంటుంది.

ఈ కార్బురేటర్లు అమెరికాలో గో-కార్టుల మీదికీ ఎక్కాయి. మిషిగన్‌లో 1950లో మొదలైన వాల్‌బ్రో, జపాన్‌కు చెందిన జామా తరువాతి దశాబ్దాల్లో టిలట్‌సన్ సరసన నిలిచాయి. 2008లో జామాను ష్టీల్ కొనేసింది. దిమ్మ రానురాను చిన్నదైంది, రంపంతోపాటు గడ్డి కోసే బ్రష్ కట్టర్లకూ వీపున మోసే స్ప్రేయర్లకూ పాకింది.

పాతకాలపు రంపం పక్కన మూడు స్క్రూలు ఉంటాయి. ఎల్ అక్షరం ఉన్నది తక్కువ వేగానికి, హెచ్ ఉన్నది పూర్తి వేగానికి పెట్రోలు కొలిచేది. మూడోది ఐడ్లింగు వేగానిది, అది పెట్రోలును కొలవదు, ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ పలకను కొద్దిగా తెరిచి ఉంచుతుంది. చాలా మోడళ్లకు సర్వీసు పుస్తకాలు చెప్పే మొదటి మెట్టు ఒకటే: ఎల్, హెచ్ రెండింటినీ మెల్లగా చివరిదాకా బిగించి, తిరిగి ఒక్కో చుట్టు వదలడం. గట్టిగా బిగిస్తే సూది మొన దెబ్బతిని కార్బురేటర్ పనికిరాకుండా పోతుంది. తరువాత గాలి ఫిల్టరు శుభ్రం చేసి, ఇంజను వేడెక్కాక ఎల్ స్క్రూను అటూ ఇటూ తిప్పి ఐడ్లింగు ఎక్కడ ఎక్కువ వేగంతో నిలకడగా ఉందో చూసి, అక్కడి నుంచి కాస్త వదులుతారు. ట్రిగ్గర్ నొక్కగానే ఇంజను తడబడకుండా లేవాలి. చివరగా మూడో స్క్రూతో ఐడ్లింగును సాధారణంగా నిమిషానికి 2,500 నుంచి 3,000 చుట్ల మధ్యకు తెస్తారు. ఆ వేగంలో గొలుసు కదలకూడదు, కదిలితే ఆ రంపంతో పని మొదలుపెట్టకూడదు.

హెచ్ స్క్రూ దగ్గరే చెవికి పని పడుతుంది. బరువు లేకుండా పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజను శబ్దంలో ఒక గరగర ఉండాలి. పెట్రోలు కొంచెం ఎక్కువై కొన్ని చుట్లలో మంట అందకపోవడం వల్ల వచ్చే శబ్దం అది. గొలుసు మానులో దిగి ఇంజను మీద బరువు పడగానే ఆ గరగర పోయి శబ్దం తేటపడాలి. కోతలో కూడా గరగరమంటే పెట్రోలు ఎక్కువ. బరువు లేనప్పుడే సన్నగా కీచుమంటే తక్కువ. కొత్తవారు ఇక్కడే మోసపోతారు. స్క్రూ బిగించేకొద్దీ వేగం పెరుగుతుంది, రంపానికి బలం వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది, అదే సమయంలో ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ పక్కన గీతలు పడి ఇంజను సీజ్ కావడానికి నిమిషాలు చాలు. అందుకే కంపెనీలు గరిష్ఠ వేగం ఇంతని రాసి, టాకోమీటరుతో చూడమంటాయి. మామూలు రంపాలకు అది 12,000 నుంచి 14,000 చుట్ల దాకా ఉంటుంది. లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలన్న చోట భయంకొద్దీ 40 పోసేవారు కూడా ఉన్నారు. అదే రంధ్రం గుండా ఆయిల్ ఎక్కువ పోతే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, అంటే స్క్రూ ముట్టకుండానే లెక్క మారినట్టే.

స్క్రూలు ఉన్నాయి కదా అని ప్రతి జబ్బుకూ వాటినే తిప్పడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పాత పొరపాటు. నిన్నటిదాకా బాగా నడిచిన ఇంజను ఇవాళ మొరాయిస్తే స్క్రూ తనంతట తాను తిరిగి ఉండదు, మరేదో మారింది. కొంతసేపు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ నడిస్తే ట్యాంకుకు గాలి అందే రంధ్రం మూసుకుపోయింది. ఐడ్లింగు దానంతటది పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, ట్రిగ్గర్ వదిలాక వేగం వెంటనే దిగకపోయినా ఎక్కడో దొంగగాలి దూరుతోంది: కార్బురేటర్ వెనుక రబ్బరు మెడో, క్రాంకు సీలో చూడాలి. దాన్ని కప్పిపుచ్చడానికి పెట్రోలు పెంచితే కొన్నాళ్లకు పిస్టన్ పోతుంది. ఆపి ఉంచిన రంపం పెట్రోలుతో తడిసిపోతుంటే సూది మూసుకోవడం లేదు. లోపలికి 0.8 బార్ గాలి పీడనం పట్టి, అది నిలుస్తుందో లేదో చూడడం సర్వీసు కేంద్రాల పద్ధతి. వేగం పుంజుకోకపోతే సైలెన్సర్ జాలీకి మసి పట్టి ఉండొచ్చు, నింద మాత్రం కార్బురేటర్ మీద పడుతుంది. ఇవేవీ కాకపోతే పొరలు చూడాలి. కొత్త పొర ఆకులా మెత్తగా వంగుతుంది. పాతది వేలితో నొక్కితే ఎండిన తోలులా టకటకమంటుంది. అది లివరును సరిగ్గా నొక్కలేదు, పెట్రోలు చాలదు. అప్పుడు స్క్రూ తిప్పడం కాదు, పొరలు మార్చాలి.

ఈ స్క్రూల మీద అదుపు 1990ల్లో మొదలైంది. కాలిఫోర్నియా 1995 నుంచి, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 1997 మోడళ్ల నుంచి చిన్న ఇంజనుల పొగకు పరిమితులు పెట్టాయి. గరగర శబ్దంతో నడిచే ఇంజను కాలని పెట్రోలును గాలిలోకి వదులుతుంది కాబట్టి, వాడకందారు స్క్రూను ఎక్కువ తిప్పకుండా ప్లాస్టిక్ టోపీలు వచ్చాయి, ప్రత్యేక పనిముట్టుతో తప్ప తిరగని తలలు వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కానీ పొర గట్టిపడిన పాత యంత్రానికి స్క్రూ కదిపే వీలు లేకపోవడంతో ఎందరో ఆ టోపీలను పీకేశారు. 2010 చుట్టుపక్కల ష్టీల్ ఎం-ట్రానిక్, హుస్క్‌వర్నా ఆటోట్యూన్ పేర్లతో ఆ పనిని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించాయి. 2019లో మార్కెట్‌కు వచ్చిన ష్టీల్ ఎంఎస్ 500ఐ కార్బురేటరునే తీసేసి ఇంధనాన్ని ఇంజెక్షన్‌తో ఇచ్చింది. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనలతో కొత్త ద్విచక్ర వాహనాలు కూడా ఇంజెక్షన్‌కు మారాయి.

పొలాల్లో మాత్రం కార్బురేటర్ నిలిచే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో కూల్చిన చెట్లను రోడ్ల మీద నుంచి తొలగించడానికి మోటారు రంపాలు దిగాయి. పత్తి, మిరప చేలలో రైతులు తైవాన్ స్ప్రేయర్ అని పిలిచే పంపులు, గట్ల మీది బ్రష్ కట్టర్లు ఇలాంటి చిన్న ఇంజనులతోనే నడుస్తాయి. వాటిని బాగుచేసేది చాలాచోట్ల బైకు మెకానిక్కే. అతను గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. పాత బుల్లెట్ మీది అమల్ కార్బురేటర్ పక్క స్క్రూ గాలిని కొలుస్తుంది, బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. రంపం మీది ఎల్, హెచ్ స్క్రూలు పెట్రోలునే కొలుస్తాయి, బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. బైకు అలవాటుతో చేయి తిప్పితే ఫలితం తలకిందులవుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును పాడుచేస్తుంది. సీజను అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచి మూలన పెట్టిన స్ప్రేయర్‌లో నెలల తరబడి జిగురు గట్టిపడుతుంది, సన్నటి దారులు మూసుకుపోతాయి. చివరి మందు కొట్టిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి, ఆ తర్వాతే కొట్టంలో పెట్టండి.